హాలోబాడీ గిటార్‌కి కొత్త పికప్‌లు వేయాలా? ముందు లోపలి వైరింగ్ సంగతి చూడండి

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో ఐబనీజ్ ఆర్ట్‌కోర్ ఏఎఫ్75 కొన్నాను. లోపల దిమ్మ లేని పూర్తి హాలోబాడీ. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో ఇంట్లో పాత సినిమా పాటలకు వాయిస్తాను. నెక్ పికప్ బొంయ్‌మంటూ మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర. కాస్త తగ్గిస్తే చాలు, శబ్దంలో మెరుపంతా పోతుంది. సౌండ్ పెంచితే కూత పెడుతుంది. ఎక్కువ ఔట్‌పుట్ పికప్‌లు వేయిద్దామని అడిగితే, ఇక్కడ రిపేరు చేసే ఆయన వెనక చెక్క కోసి మూత పెట్టాలన్నారు. కోయకుండా కుదరదా? ఏ పికప్‌లు కొనాలి? సోల్డరింగ్ కొంచెం వచ్చు, నేనే చేసుకోగలనా?
— ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: వెనక చెక్క మాత్రం కోయనివ్వకండి. అక్కర్లేదు కూడా. పికప్ అంటే తీగల అదురును విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం. మీ గిటార్‌లో బ్రిడ్జ్ వైపున్న పికప్ విప్పితే, దాని కింద సుమారు 7 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పున్న కన్నం నేరుగా పెట్టెలోకి తెరుచుకుంటుంది. పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లు), స్విచ్, జాక్ అన్నీ అందులోంచే బయటికి వస్తాయి, అందులోంచే లోపలికి వెళ్తాయి. 1958లో గిబ్సన్ ఈఎస్-335తో మొదలైన సెమీహాలో గిటార్లకు మధ్యలో మేపుల్ దిమ్మ అడ్డుంటుంది కాబట్టి, చాలావాటిలో పైపలక మీద ఎఫ్ ఆకారంలో ఉండే సన్నటి కన్నం, అంటే ఎఫ్ హోల్, ఒక్కటే దారి. మీకు ఆ ఇబ్బంది లేదు. సోల్డరింగ్ కొంచెం వచ్చినా ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు.

అయితే పికప్‌లు ఆర్డర్ పెట్టే ముందు ఒక్కమాట. మీరు చెప్పినవాటిలో గరగర పాట్ తప్పు. మెరుపు పోవడం వైరింగ్ తప్పు. కూతలో ఎక్కువ భాగం పెట్టె స్వభావం. ఇక నెక్ పికప్ బొంయ్‌మనడం ఒక్కటే పికప్ దాకా వచ్చే ఫిర్యాదు, అందులోనూ సగం దాని ఎత్తు వల్ల కావచ్చు. కొత్త పికప్‌లు తెచ్చి ఈ పాత పాట్‌లకే కలిపితే నాలుగింట్లో మూడు సమస్యలు అలాగే ఉంటాయి.

పైసా ఖర్చు లేనివి ముందు చూడండి. ఆరో తీగను ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, తీగ అడుక్కీ పికప్ పైభాగానికీ మధ్య దూరం కొలవండి. నెక్ పికప్‌కు లావు తీగ వైపు 3 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు రెండున్నర ఉంచండి. బ్రిడ్జ్ పికప్‌కు లావు వైపు సుమారు 2.2, సన్న వైపు 1.8. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే, అక్కడి నుంచి చెవితో సర్దుకోవాలి. పాత యజమాని నెక్ పికప్‌ను తీగలకు అంటీఅంటనట్టు పైకి లేపి ఉంటే ఆ బొంయ్‌మనే గుణానికి అదే మూలం. పికప్ మొత్తాన్ని కిందికి దించి, తీగల కింద పికప్ మీద కనిపించే పోల్ స్క్రూలను మాత్రం అర చుట్టు పైకి తిప్పితే స్పష్టత పెరుగుతుంది. తీగలు కూడా చూడండి. జాజ్ కోసమని ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు చదునుగా ఉండేవి) ఎక్కించి ఉంటే, ఏ పికప్ వేసినా మెరుపు రాదు.

కాకినాడ గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. స్విచ్, జాక్, పాట్ కాంటాక్టులు నల్లబడతాయి. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్‌ను సన్నటి గొట్టంతో ఎఫ్ హోల్‌లోంచి పాట్ కాళ్ల పక్కనున్న సందులోకి కొట్టి, నాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరికి పాతిక ముప్పైసార్లు తిప్పండి. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రే వాడకండి. అది జిడ్డు మిగులుస్తుంది, ఆ జిడ్డుకు దుమ్ము పడుతుంది. గరగర నెల తిరక్కుండా మళ్లీ వస్తే లోపలి కార్బన్ పట్టీ అరిగిపోయిందని అర్థం, పాట్ మార్చాల్సిందే.

తర్వాత మల్టీమీటర్. గిటార్‌లో కేబుల్ పెట్టి, అవతలి కొసన ప్లగ్ మొనకూ ఒంటికీ మధ్య ఓమ్‌లు కొలవండి. వాల్యూమ్‌లు పూర్తిగా తెరిచి ఉండాలి. స్విచ్ నెక్ మీద, బ్రిడ్జ్ మీద, మధ్యలో, మూడు చోట్లా చూడండి. మామూలు హంబకర్ (మోత తగ్గించే రెండు చుట్టల పికప్) 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. మధ్యలో రెండూ సమాంతరంగా కలుస్తాయి కాబట్టి దాదాపు సగం. అంకె రాకపోతే ఎక్కడో తెగింది, సున్నా వస్తే ఎక్కడో అంటుకుంది, స్విచ్‌ను కదిలిస్తే గెంతుతుంటే స్విచ్ పాడైంది. రెండు పికప్‌లూ స్థిరమైన అంకె చూపిస్తే అవి బతికే ఉన్నాయి. వాటిని ఉంచి హార్నెస్ (పాట్‌లు, స్విచ్, జాక్, వాటి వైర్లు) ఒక్కటే మార్చి, నెల రోజులు వాయించి చూసి, అప్పుడు పికప్‌ల సంగతి తేల్చుకోమని నా గట్టి సలహా.

వాల్యూమ్ తగ్గిస్తే మెరుపు ఎందుకు పోతుందో తెలిస్తే దిద్దడం సులువు. గిటార్ కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున కెపాసిటెన్స్ ఉంటుందనుకుందాం. 6 మీటర్ల కేబుల్ అంటే 600. 500 కిలో ఓమ్‌ల పాట్‌ను విద్యుత్‌పరంగా సగానికి దించితే, సిగ్నల్ సుమారు 125 కిలో ఓమ్‌ల నిరోధం దాటి కేబుల్‌లోకి వస్తుంది. ఈ రెండూ కలిసి 2 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచి పైనున్నదాన్ని కోసేసే ఫిల్టర్‌లా పనిచేస్తాయి. అందుకే కాస్త తగ్గించగానే గిటార్ దుప్పటి కప్పుకున్నట్టవుతుంది. పైగా ఈమధ్యకాలపు వైరింగ్‌లో టోన్ పాట్‌ను వాల్యూమ్ పాట్ మీద పికప్ వైరు చేరే కాలికే కలుపుతారు. ఆ వైరును అక్కడి నుంచి తీసి, సిగ్నల్ బయటికెళ్లే మధ్య కాలికి కలపండి. దీన్నే ఫిఫ్టీస్ వైరింగ్ అంటారు. కొత్త భాగం ఏదీ అక్కర్లేదు, ఒక్క వైరు చోటు మారుతుంది అంతే. వాల్యూమ్ తగ్గించినా మెరుపు చాలావరకు నిలుస్తుంది. బదులుగా టోన్ తిప్పినప్పుడు వాల్యూమ్ కూడా కొంచెం మారుతుంది, దానికి చేయి త్వరలోనే అలవాటు పడుతుంది. దానికి బదులు వాల్యూమ్ పాట్ పికప్ కాలికీ మధ్య కాలికీ నడుమ 150 పికోఫారడ్ కెపాసిటర్‌నూ 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌నూ పక్కపక్కన (సమాంతరంగా) కలపవచ్చు. ఫిఫ్టీస్ వైరింగ్, ఈ జత రెండూ ఒకేసారి చేస్తే మాత్రం వాల్యూమ్ తగ్గినకొద్దీ శబ్దం పలచబడుతుంది. ఏదో ఒకటి చాలు.

పాట్‌లు కొనేటప్పుడు నాలుగూ 500 కిలో ఓమ్‌లవే, లాగ్ రకమే తీసుకోండి. ఒంటి మీద అంకెకు ముందు ఇంగ్లిష్ అక్షరం A ఉంటే లాగ్, B ఉంటే లీనియర్. లీనియర్ పాట్‌ను వాల్యూమ్‌కి పెడితే నాబ్ తిప్పుతున్నా చాలాదాకా తేడా తెలియదు, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఈ ధర గిటార్లలో సాధారణంగా 16 మిల్లీమీటర్ల చిన్న పాట్‌లుంటాయి, వాటి మెడకు 7 మిల్లీమీటర్ల కన్నం చాలు. అందరూ మెచ్చుకునే అమెరికన్ సీటీఎస్ పాట్ మెడకు తొమ్మిదిన్నర కావాలి. పాత నాబ్‌లు దాని షాఫ్ట్ మీద సరిగా కూర్చోకపోవచ్చు కూడా, రెండింటి పళ్ల లెక్క వేరు. లామినేట్ పైపలకకు డ్రిల్ తగిలిస్తే పెయింట్ పెచ్చులూడుతుంది. కాబట్టి ముందు ఒక నట్ విప్పి పాత పాట్ మెడ కొలవండి. 7 మిల్లీమీటర్లయితే అదే కొలతలో ఆల్ఫా పాట్‌లు వేసి కన్నాల జోలికి పోకండి. వాటితో వచ్చే శబ్దానికీ పెద్ద పాట్‌తో వచ్చే శబ్దానికీ చెవికి తెలిసే తేడా ఉండదు. పెద్దవే కావాలనుకుంటే టేపు అంటించి, టేపర్ రీమర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ పెద్దవి చేయండి. 500 అని రాసున్న పాట్‌లు ఒక్కోసారి 400 దగ్గరే ఉంటాయి. ఐదారు తెచ్చి కొలిచి, ఎక్కువ చూపించేవి వాల్యూమ్‌లకు, మిగిలినవి టోన్‌లకు పెట్టుకోండి.

టోన్ కెపాసిటర్లు బ్రిడ్జ్‌కు 0.022 మైక్రోఫారడ్, నెక్‌కు 0.015. ఒంటి మీద 223, 153 అని ఉంటుంది. మామూలు ఫిల్మ్ కెపాసిటర్, 63 లేక 100 వోల్టులది చాలు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొన్ని రూపాయలకు దొరుకుతుంది. నూనెలో నానిన పాతకాలపు కెపాసిటర్లంటూ వేలకు అమ్మేవి అక్కర్లేదు, వినిపించేది విలువే తప్ప పదార్థం కాదు.

నెక్ పికప్ ఇంకా బొంయ్‌మంటుంటే ఒక ఉపాయం ఉంది. ఆ పికప్ వేడి వైరుకూ (సిగ్నల్ మోసే వైరు) వాల్యూమ్ పాట్‌కూ మధ్య వరుసలో 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. టోన్ పాట్, ఆంప్ భారం కలుపుకొని చూస్తే అది 80 హెర్ట్జ్ ప్రాంతం నుంచి కిందికి తగ్గిస్తుంది. లావు తీగ ఖాళీగా మోగేది 82 హెర్ట్జ్ దగ్గర కాబట్టి సరిగ్గా ఆ ఉబ్బునే తాకుతుంది. చాలకపోతే 0.0047. అప్పుడు కోత 170 ప్రాంతం నుంచే మొదలవుతుంది, ఒంటరిగా వాయించేటప్పుడు పలచగా అనిపించినా కీబోర్డు, బేస్ ఉన్న బృందంలో బాగా ఇముడుతుంది. ఈ కెపాసిటర్ ఉన్నాక మల్టీమీటర్‌కు పికప్ అంకె కనిపించదు, పాట్ విలువే కనిపిస్తుంది. అది చూసి పికప్ తెగిందని కంగారు పడకండి.

ఇక పికప్‌లు మార్చాలనే నిర్ణయించుకుంటే ఎక్కువ ఔట్‌పుట్‌వి వద్దు. 14, 15 కిలో ఓమ్‌ల పికప్ అంటే చుట్లు ఎక్కువ. చుట్లు పెరిగేకొద్దీ పై మెరుపు తగ్గి మధ్య స్వరాలు ఉబ్బుతాయి, మీ పెట్టె ఇప్పటికే గట్టిగా పలికేది ఆ కింది, మధ్య భాగాల్లోనే. నెక్‌కు ఏడు, ఏడున్నర, బ్రిడ్జ్‌కు 8 కిలో ఓమ్‌ల దగ్గరుండే ఆల్నికో అయస్కాంతపు పికప్‌లు చూడండి. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన హంబకర్ బాణీ ఇదే. సేమోర్ డంకన్ ఫిఫ్టీనైన్ జత ఇందుకు సరిపోతుంది: ఆల్నికో 5, లోపలి చుట్లు అదిరి కీచుమనకుండా మైనంలో ముంచినది. ఆ కంపెనీదే సెత్ లవర్ మోడల్ ఇంకా సున్నితంగా పలుకుతుంది గానీ దానికి మైనం ఉండదు. చర్చిలో డ్రమ్స్, మానిటర్ల పక్కన నిలబడేవారికి దాన్ని కొనమని చెప్పను. మూసుకుపోయిన శబ్దమే మీ అసలు బాధ అయితే, నా ఓటు ఫిల్టర్‌ట్రాన్ బాణీకి. రే బట్స్ 1950లలో గ్రెచ్ కోసం తయారుచేసిన రకం. తక్కువ చుట్లు, 4 నుంచి 5 కిలో ఓమ్‌లే, కింది స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. టీవీ జోన్స్ వాళ్లవి కొంటే హంబకర్ కన్నంలో కూర్చునే మౌంట్‌తో ఉన్నవే అడగండి. పీ-90 రకం (ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్) వద్దు. ట్యూబ్‌లైట్ చోక్, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఉన్న గదిలో సింగిల్ కాయిల్ మోత భరించడం కష్టం.

పాత పికప్ రింగులు పారేయకండి. అడుగున పైపలక వంపుకు తగ్గట్టు మలిచినవి అవి, కొత్త వాటి అడుగు చదునుగా ఉంటే కింద సందు మిగులుతుంది. ఎత్తు స్క్రూలు మాత్రం పికప్‌తో వచ్చినవే వాడండి. మిల్లీమీటర్ మర స్క్రూను అంగుళం మరలోకి బలవంతంగా తిప్పితే పికప్ కాలు పాడవుతుంది.

పని మొదలుపెట్టాక మొట్టమొదట చేయాల్సింది బ్రిడ్జ్ పీఠం చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించడం. చాలా హాలోబాడీలలో ఆ పీఠం అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. తీగలు విప్పగానే జరిగిపోతుంది, శ్రుతి స్థానం పోతుంది. తర్వాత ఒక గట్టి అట్టముక్క మీద నాలుగు పాట్ కన్నాలు, స్విచ్ కన్నం ఉన్నవి ఉన్నట్టు గుర్తించి చిల్లులు పెట్టండి. కొత్త హార్నెస్ మొత్తం ఆ అట్ట మీదే తయారవ్వాలి. పాత వైరింగ్‌ను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాకే నట్లు విప్పండి. ఒక్కో పాట్ షాఫ్ట్‌కు ఒక్కో రంగు దారం గట్టిగా కట్టి, పైన టేపు చుట్టి, అప్పుడు లోపలికి వదలండి. పాట్‌ను బయటికి లాగాక దారం ఒక కొస కన్నంలోంచి పైకి, మరో కొస పికప్ కన్నంలోంచి బయటికి ఉండాలి. కొత్త పాట్ దారి తప్పకుండా సొంత కన్నానికి చేరేది ఆ దారంతోనే. టెయిల్‌పీస్ దగ్గర నుంచి వచ్చే ఒంటరి వైరును కోసేయకండి, అది తీగల ఎర్త్.

నిండు చెక్క గిటార్‌లో లోపల రాగి రేకు అంటించి మోత తగ్గిస్తారు. బోలు పెట్టెలో అది కుదరదు, అందుకని పికప్ నుంచి పాట్‌కు, పాట్ నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి జాక్‌కు అన్నీ షీల్డ్ వైరుతోనే వేయాలి. 2 మీటర్లు సరిపోతుంది. నాలుగు పాట్‌ల వీపులనూ ఒక వైరుతో కలపండి, ఇక్కడ వాటిని కలిపే రేకు ఏదీ ఉండదు కాబట్టి ఆ వైరు మరిస్తే ఎర్త్ తెగినట్టే. పాట్ వీపు మీద సోల్డర్ పట్టాలంటే ఎమ్రీ పేపర్‌తో గీకి, 40 నుంచి 60 వాట్ల ఐరన్, వెడల్పు మొన వాడండి. 25 వాట్ల ఐరన్‌తో ఆ లోహం వేడెక్కేలోపు పాట్ లోపలి పట్టీ మాడుతుంది. మూడు నాలుగు సెకన్లలో సోల్డర్ పరుచుకుని మెరవాలి. ఉండకట్టి మసకగా ఉంటే అతుకు పడనట్టే. రోజిన్ ఉన్న సోల్డరే వాడాలి, పైపుల పనికి వాడే ఆమ్లపు ఫ్లక్స్ వైర్లను తినేస్తుంది.

నాలుగు వైర్ల పికప్ అయితే రంగులు కంపెనీని బట్టి మారతాయి. డంకన్‌లో నలుపు వేడి వైరు, తెలుపు ఎరుపు ఒకదానికొకటి కలిపి టేపు చుట్టాలి, ఆకుపచ్చ, తొడుగులేని వైరు ఎర్త్‌కు. డిమార్జియోలో ఎరుపు వేడి వైరు, నలుపు తెలుపు కలపాలి, ఆకుపచ్చ, తొడుగులేనిది ఎర్త్‌కు. ఒక పాత పికప్ ఉంచి ఒకటే కొత్తది వేస్తుంటే ముందే ఫేజ్, అంటే రెండింటి సిగ్నల్ ఒకే దిశలో ఉందా అన్నది, చూసుకోండి. మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్‌ల మీద పెట్టి, ఎర్ర తీగ వేడి వైరుకు తగిలించి, స్క్రూడ్రైవర్‌ను పికప్ మీద ఆనించి చటుక్కున లాగండి. అంకె ఒక క్షణం పైకో కిందికో ఊగుతుంది. రెండు పికప్‌లూ ఒకే వైపు ఊగాలి. ఎదురుబొదురుగా ఊగితే మధ్య స్థానంలో శబ్దం ముక్కుతో పాడినట్టు సన్నగా వస్తుంది. అప్పుడు నాలుగు వైర్ల పికప్‌లో వేడి వైరును, ఆకుపచ్చను తారుమారు చేయండి, తొడుగులేని వైరు మాత్రం ఎర్త్ మీదే ఉండాలి.

అట్ట మీద ఉండగానే జాక్‌ను ఆంప్‌కు కలిపి, స్క్రూడ్రైవర్‌తో పికప్‌లను తడుతూ స్విచ్ మూడు స్థానాలు, నాలుగు నాబ్‌లు పరీక్షించండి. 7.4, 8.1 కిలో ఓమ్‌ల జత అయితే జాక్ దగ్గర 7.3, 8, మధ్యలో 3.8 దగ్గర చదవాలి. టెయిల్‌పీస్ నుంచి జాక్ ఒంటికి 2 ఓమ్‌లు మించకూడదు. అన్నీ సరిపోయాకే లోపలికి దించండి. చాలామంది ఈ పరీక్ష దాటేసి, ఒక్క అతుకు కోసం మొత్తం మళ్లీ బయటికి లాగాల్సి వస్తుంది.

దించేటప్పుడు పికప్ కన్నానికి దూరంగా ఉన్నవి ముందు, దగ్గరివి తర్వాత. జాక్‌కు చిన్న చిట్కా: కన్నంలోంచి వచ్చిన దారాన్ని జాక్ ముందువైపు నుంచి వెనక్కి దూర్చి, వెనక వాషర్ కట్టి ముడివేయండి. బయటి నుంచి లాగితే జాక్ దానంతటదే కన్నంలోకి వస్తుంది, నట్‌ను దారం మీదుగానే ఎక్కించవచ్చు. పాట్‌కు, జాక్‌కు లోపలివైపు పళ్ల వాషర్ తప్పనిసరి. అది లేకపోతే నట్ బిగించేటప్పుడు ఒళ్లు కూడా తిరిగి వైరు తెగుతుంది. బిగింపు చేతి పట్టుకు సరిపడా చాలు, ఎక్కువ తిప్పితే పలక నలుగుతుంది. వైర్లు పొడవు మిగిలి పైపలకకు తగులుతుంటే కొన్ని స్వరాల దగ్గర జుయ్‌మంటుంది. అది ఫ్రెట్ తప్పనుకుని రోజుల తరబడి వెతుకుతారు. వైర్లను కట్టగా కట్టి స్పాంజి ముక్క చుట్టండి.

కూత ఇంకా ఉంటే అది ఏ రకమో చూడండి. తీగలన్నీ అరచేత్తో అదిమినప్పుడు ఆగితే అది పెట్టె పని. ఆంప్ ఎదురుగా నిలబడకుండా పక్కకు జరగండి, ఎఫ్ హోల్‌లను స్పాంజి ముక్కలతో మూసి చూడండి, ఆంప్‌లో బేస్ తగ్గించండి. అదిమినా కీచుమని సన్నగా మోగుతూనే ఉంటే పికప్ లోపల చుట్లో కవరో అదురుతోంది. కూత విషయంలో అదొక్కటే పికప్ మార్చడానికి నిజమైన కారణం.

చర్చిలో మీరు పాడుతూ వాయిస్తారేమో, అందుకని ఇది తప్పక చూడండి. తీగలు ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ లేకపోతే తీగల మీద చేయి, మైక్ మీద పెదవి ఉన్నప్పుడు షాక్ కొడుతుంది. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొస తీగకు, ఒకటి మైక్ జాలీకి తాకించండి. దాదాపు సున్నా రావాలి. పదుల్లో వోల్టులు చూపిస్తే ఆ పూట వాయించకుండా ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ సరిచేయించండి. మోత తగ్గుతుందని ఎవరైనా మూడో పిన్ విరిచేయమంటే వినకండి. తీగలు ముట్టుకుంటే మోత తగ్గడం మామూలే, ఎర్త్ పనిచేస్తోందని అర్థం. ముట్టుకుంటే మోత పెరుగుతుంటే మాత్రం జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి.